అంతరిక్ష యాత్రల వ్యాపారం: అపోహలు – వాస్తవాలు

రాకెట్ ప్రయోగాల ఖర్చులు లెక్కగట్టడం నా వృత్తి. డబ్బు కట్టి అంతరిక్షానికి వెళ్లే ప్రయాణాల గురించి ఎక్కడ మాటొచ్చినా ఈ అపోహలే వినిపిస్తుంటాయి.

అపోహ: ఇంధనం వల్లే టికెట్ అంత ఖరీదు.

వాస్తవం: స్పేస్‌ఎక్స్ సంస్థ రాకెట్ ఫాల్కన్-9 ప్రయోగానికి ప్రకటించిన ధర సుమారు 7 కోట్ల డాలర్లు. అందులో ఇంధనానికి అయ్యేది కొన్ని లక్షల డాలర్లే. అసలు ఖర్చు పారేసే భాగాల్లోనూ, తిరిగొచ్చిన వాటిని మళ్లీ సిద్ధం చేయడంలోనూ ఉంది. రాకెట్ కింది దశ దిగివస్తుంది గానీ, పై దశ ఇంజన్‌తో సహా ప్రతిసారీ పోతుంది. మనుషులు కూర్చునే డ్రాగన్ క్యాప్సూల్ తిరిగొస్తుంది. దాని వెనకుండే, సోలార్ పలకలు అమర్చిన భాగాన్ని మాత్రం దారిలోనే వదిలేస్తారు, అది వాతావరణంలో చాలావరకు కాలిపోతుంది. సముద్రంలో దిగిన క్యాప్సూల్‌కి ఉష్ణకవచం దగ్గర్నుంచి అన్నీ విడివిడిగా పరీక్షించాలి. దానికి నెలలు పడుతుంది. ఆ నెలల్లో జీతాలు ఆగవు.

అందుకే ఏ కంపెనీ లెక్కలు చేతికొచ్చినా నేను ముందు చూసేది టికెట్ ధర కాదు, అదే వాహనం ఏడాదికి ఎన్నిసార్లు ఎగరగలదన్నది. కాసేపు అంతరిక్షపు అంచుదాకా వెళ్లి దిగే వర్జిన్ గెలాక్టిక్ వారి రాకెట్ విమానం యూనిటీ 2023 జూన్ నుంచి 2024 జూన్ దాకా ఏడు వాణిజ్య యాత్రలు చేసింది. నాలుగు సీట్లూ 4.5 లక్షల డాలర్ల చొప్పున అమ్ముడయ్యాయనుకున్నా, ఏడు యాత్రలకూ కలిపి 1.26 కోట్ల డాలర్లు. వందలమంది పనిచేసే సంస్థకు అది ఏ మూలకు?

అపోహ: ధరలు ఏటా దిగుతున్నాయి.

వాస్తవం: ఇప్పటిదాకా పెరిగాయి. వర్జిన్ గెలాక్టిక్ టికెట్ మొదట 2 లక్షల డాలర్లు, 2013లో 2.5 లక్షలు, 2021లో 4.5 లక్షలు. కొనేవాళ్లు బారులు తీరి ఉన్నారు, సీట్లే లేవు.

అపోహ: ఇది కుబేరుల సరదా.

వాస్తవం: 2001లో తొలి అంతరిక్ష పర్యాటకుడు డెన్నిస్ టిటో దాదాపు 2 కోట్ల డాలర్లు కట్టి వెళ్లినప్పుడు ఆ మాట నిజమే. 2025లో అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రానికి ఒక ప్రైవేటు సంస్థ నడిపిన యాక్సియం-4 యాత్రలో భారత్, పోలాండ్, హంగరీ వ్యోమగాములు వెళ్లారు. ఆ సీట్ల వెనక ప్రభుత్వాలున్నాయి. సొంత మానవసహిత నౌకలు లేని దేశాలు శిక్షణ కోసం, ప్రయోగాల కోసం సీట్లు కొంటాయి. నా దృష్టిలో నిలకడైన గిరాకీ ఇదే.

అపోహ: కాసేపు పైకెళ్లి దిగే యాత్ర వస్తే, కక్ష్యలోకి వెళ్లడం తర్వాతి మెట్టే.

వాస్తవం: కక్ష్యలోకి చేరాలంటే కిలోకి దాదాపు 30 రెట్ల శక్తి కావాలి. అది వేరే వ్యాపారం.

అపోహ: విమానాల్లాగే వీటికీ ప్రభుత్వ భద్రతా ధ్రువీకరణ ఉంటుంది.

వాస్తవం: అమెరికాలో లేదు. ఈ వాహనం సురక్షితమని ప్రభుత్వం ధ్రువీకరించలేదని ప్రయాణికుడికి రాతపూర్వకంగా చెప్పి, సంతకం తీసుకుంటారు. ప్రయాణికుల భద్రతపై ప్రభుత్వం నిబంధనలు పెట్టకుండా చట్టం విధించిన నిలుపుదల 2028 జనవరి 1 దాకా ఉంది. నిబంధనలొస్తే తనిఖీల ఖర్చు పెరుగుతుంది. అయినా అవి రావాలనే నేను గట్టిగా కోరుకుంటాను.