ఏలినాటి శనికి చిమ్మిలి ఉండ

పిల్లలూ,

మొన్న రాత్రి పదిన్నరకి మన పెద్దది ఫోన్ చేసింది. ఎప్పుడూ ముందు "తిన్నావా అమ్మమ్మా" అంటుంది, ఆ రోజు అదీ లేదు. "నాది మేషరాశేగా, ఏలినాటి శని మొదలైందట, ఏడున్నరేళ్లట" అంది. ఆ వెంటనే ఎవరో పంపిన జాబితా చదివింది. నీలం పొదిగిన ఉంగరం, ఒక హోమం, గుమ్మానికి కట్టే యంత్రం. ఇవి చేయించుకోకపోతే ఉద్యోగం రాదన్నారట. నాకు తోచింది నేను చెప్పాను గానీ, సగం దాని చెవికి ఎక్కలేదని తెలుస్తూనే ఉంది. అందుకే కాగితం ముందేసుకుని కూర్చున్నాను. నలుగురూ చదవండి. ఇవాళ దాని వంతు, రేపు మీ వంతు.

ముందు లెక్క చూద్దాం, భయం సంగతి తర్వాత. శని నెమ్మదిగా నడుస్తాడు, అందుకే శనైశ్చరుడన్నారు. 'శనైః' అంటే మెల్లగా అని. సూర్యుడి చుట్టూ ఒక్కసారి తిరిగి రావడానికి ఆయనకి దాదాపు 29 ఏళ్ల ఆరు నెలలు పడుతుంది. పన్నెండు రాశులకి పంచితే రాశికి సుమారు రెండున్నరేళ్లు. మనం పుట్టినప్పుడు చంద్రుడున్న రాశికి ముందు రాశిలో, ఆ రాశిలో, దాని తర్వాతి రాశిలో ఆయన ఉండే కాలమంతా కలిపితే ఏడున్నరేళ్లు. అదే ఏలినాటి శని. 2025 మార్చి 29న ఆయన మీనంలోకి వచ్చాడు. కాబట్టి ఇప్పుడు కుంభానికీ, మీనానికీ, మేషానికీ ఏలినాటి. ధనుస్సు నుంచి లెక్కపెడితే నాలుగింట ఉన్నాడు గనక దానికి అర్ధాష్టమ శని. సింహం నుంచి ఎనిమిదింట ఉన్నాడు గనక దానికి అష్టమ శని. వేళ్లు మడవండి. పన్నెండు రాశుల్లో ఐదింటికి ఎప్పుడు చూసినా ఏదో ఒక శని ఉండనే ఉంటుంది. మీ క్లాసులో అరవై మంది ఉంటే ఇంచుమించు పాతిక మందికి! అంతమందికీ ఒకేసారి ఉద్యోగాలు రావా?

నాది మిథునం. డెబ్భైల్లో ఒకసారి నాకు ఏలినాటి నడిచింది. నా పెళ్లి అయిందీ, మీ అమ్మ పుట్టిందీ ఆ ఏళ్లలోనే. రెండోది 2000 నుంచి 2007 దాకా. అప్పుడు మోకాళ్లు పట్టేశాయి, తాతయ్య రిటైరయ్యాడు, ఇల్లు మారాం, నిజమే, కొంచెం కష్టంగానే నడిచింది. పెద్దదానా, నువ్వు పుట్టింది కూడా అందులోనే. 2003లో. ఆ ఏడున్నరేళ్లనీ నేను తిట్టుకోలేను.

ఇంత దూరం నుంచి గ్రహం మనల్ని పట్టి పీడిస్తుందా అని చిన్నోడు అడుగుతాడు, నాకు తెలుసు. శని మనకి బాగా దగ్గరగా వచ్చినప్పుడే 120 కోట్ల కిలోమీటర్ల దూరంలో ఉంటుంది. అక్కణ్నుంచి అది నీ మార్కులు తగ్గిస్తుందని చూపించే రుజువు సైన్సులో లేదు. నేను నీతో వాదించను. కానీ శనివారం దీపం పెట్టడం మానను కూడా. మా ఇంట్లో తరతరాలుగా వచ్చిన పని అది. ఆ పని ఏమిటో, ఎందుకంత చవకైందో చెప్పడానికే ఈ ఉత్తరం.

యాజ్ఞవల్క్య స్మృతిలో గ్రహశాంతి గురించి కొన్ని శ్లోకాలున్నాయి. మా మామగారు, అంటే మీ ముత్తాత, వాటిని నాకు అర్థం చెప్పి చదివించారు. అందులో ఏ గ్రహానికి ఏ అన్నం పెట్టాలో వరసగా ఉంటుంది. సూర్యుడికి బెల్లం అన్నం. చంద్రుడికి పాయసం. బుధుడికి పాలతో షాష్టికాన్నం, అంటే అరవై రోజుల్లో పండే వడ్ల బియ్యంతో వండింది. గురువుకి పెరుగన్నం. శనికి దంచిన నువ్వుల పొడి కలిపిన అన్నం. కేతువుకి రంగురంగుల చిత్రాన్నం. ఇవన్నీ గాల్లోకి విసిరేవి కాదు, మనుషులని కూర్చోబెట్టి వడ్డించేవి. ఆ చెప్పినచోటే ఇంకో మాట ఉంది. శక్తి కొద్దీ, దొరికినదాన్ని బట్టి, మర్యాదగా పెట్టమని. మామగారు ఆ మాట దగ్గర ఆగి వేలు పెట్టి చూపించేవారు. "చూశావా అమ్మా, అప్పు చేసి పెట్టమని లేదు" అనేవారు.

మా వంటింటి అలమరలో రెండో అర గుర్తుందా? మీరు స్టూలెక్కి బెల్లం దొంగిలించేది అక్కడే. నవగ్రహాలూ ఆ అరలోనే ఉన్నాయి. గోధుమలు సూర్యుడివి, బియ్యం చంద్రుడివి, కందులు కుజుడివి, పెసలు బుధుడివి, శనగలు గురువువి, బొబ్బర్లు శుక్రుడివి, నువ్వులు శనివి, మినుములు రాహువువి, ఉలవలు కేతువువి. ఏ గ్రహం బాగాలేదంటే ఆ వారం ఆ గింజ దానం ఇస్తారు. పరిహారం అన్నదాంట్లో ముప్పాతిక వంతు ఇదే.

అయితే శని దగ్గర ఒక చిక్కుంది. నువ్వుల దానం పట్టేవాళ్లు దొరకరు. పుచ్చుకుంటే శని తమకి చుట్టుకుంటుందని భయం. నా మొదటి ఏలినాటిలో మా అత్తగారు నల్లనువ్వులు చాటలో పోసి ఇచ్చి, ఎవరికైనా ఇచ్చి రమ్మంది. వీధి చివరిదాకా వెళ్లి, చాట అలాగే పట్టుకుని తిరిగొచ్చాను. సిగ్గుతో ఏడుపొచ్చింది. అత్తగారు ఏమీ అనలేదు. నువ్వులని రోట్లో పోసింది, బెల్లం అచ్చు చితక్కొట్టి వేసింది, దంచి చిమ్మిలి ఉండలు చేసింది. సాయంత్రం బడి వదిలేసరికి అరుగు మీద కూర్చుంది. పళ్లెం ఖాళీ కావడానికి ఐదు నిమిషాలు పట్టలేదు. నువ్వులుగా ఇస్తే శని, ఉండలుగా ఇస్తే మిఠాయి! ఆ తర్వాత నేను పచ్చి నువ్వులు పట్టుకుని ఎవరి గుమ్మమూ ఎక్కలేదు.

శనివారం నువ్వుల నూనె దీపం పెట్టడం మీకు తెలిసిందే. కొంతమంది నల్లగుడ్డలో నువ్వులు మూటకట్టి, నూనెలో తడిపి వత్తిలా వెలిగిస్తారు. అది మాత్రం ఇంట్లో వద్దు. నువ్వులు చిటపటమని పేలి ఎగిరి పడతాయి. ఒకసారి నా చీర కుచ్చిళ్ల దగ్గర చిల్లు పడింది. మామూలు పత్తి వత్తి చాలు. శని వాహనం కాకి, కాబట్టి అన్నం తినేముందు పిడికెడు గోడ మీద పెడితే సరి. మండపల్లిలోనో తిరునళ్లారులోనో శనేశ్వరుణ్ని చూసి రావాలనిపిస్తే వెళ్లండి, ఊరు చూసినట్టూ ఉంటుంది. త్రయోదశీ శనివారమూ కలిసొచ్చిన శనిత్రయోదశి నాడు మాత్రం జనం తొక్కిడి. నాలాంటి మోకాళ్లకి అది కుదరదు.

ఇంకొకటి. జ్యోతిషంలో శని ముసలివాళ్లకీ, ఒళ్లొంచి పనిచేసేవాళ్లకీ, అంగవైకల్యం ఉన్నవాళ్లకీ కారకుడు, అంటే వాళ్లని సూచించే గ్రహం. ఆయన కూడా కుంటుతూ నడుస్తాడనే చెబుతారు. మామగారు ఇది పట్టుకుని ఇంట్లో ఒక పద్ధతి పెట్టారు. పనిమనిషి జీతం ఒకటో తారీకు పొద్దున్నే చేతిలో పడాలి. రెండో తారీకైతే ఆయన అన్నం దగ్గర కూర్చునేవారు కాదు. నూనె దీపం మరిచిపోతే ఏమీ అనేవారు కాదు.

ఇక ఉంగరం. మీ మామయ్య ఇంటర్ తప్పిన ఏడు, ఒక పెద్దమనిషి జాతకం చూసి నీలం పెట్టమన్నాడు. ఆ రాయి ఎక్కడ దొరుకుతుందో కూడా ఆయనే చెప్పాడు. అప్పుడే నాకు అనుమానం రావాల్సింది. నా రెండు గాజులు తాకట్టు పెట్టాం. మామయ్య ఆ ఉంగరం తొడుక్కుని, వేలు చూసుకుంటూ నెల్లాళ్లు కూర్చున్నాడు. రాయి చదువుతుందిలే అన్నట్టు! సప్లిమెంటరీ కూడా పోయింది. మళ్లీ వెళ్లి అడిగితే రాయిలో దోషం ఉందన్నాడు. అప్పుడు లెక్కల మేష్టారి దగ్గర పెట్టించాం, మరుసటి ఏడు గట్టెక్కాడు. గాజులు విడిపించడానికి మాత్రం మూడేళ్లు పట్టింది. నన్నడిగితే ఆ మూడేళ్లే మాకు పట్టిన శని.

గురువుది వేరే తీరు. ఆయన సూర్యుడి చుట్టూ తిరగడానికి దాదాపు పన్నెండేళ్లు పడుతుంది, రాశికి ఏడాది. మన పుష్కరాలు పన్నెండేళ్లకోసారి రావడం అందుకే. ఆయన సింహంలోకి వస్తే గోదావరికి, కన్యలోకి వస్తే కృష్ణకి. 2015లో మనందరం గోదావరిలో మునిగాం, మరుసటి ఏడు కృష్ణలో. గురుబలం తగ్గిందంటే గురువారం శనగల దానం, పెరుగన్నం పెట్టడం, చదువు చెప్పినవాళ్లని పలకరించడం. కొందరు నానబెట్టిన శనగలు ఆవుకి పెడతారు. గుప్పెడు పెట్టండి, మంచిదే. గురువారం పొద్దున గుడి దగ్గర ఆవుని చూడండి పాపం, వచ్చిన ప్రతివాడూ గిన్నెడు పోస్తాడు. గింజలు మోతాదు మించితే ఆవుకి కడుపు ఉబ్బుతుంది, ప్రాణం మీదికీ వస్తుంది. అక్కడ ఇప్పటికే ఇద్దరు నిలబడి ఉంటే మీరు గడ్డి కట్ట ఇచ్చి రండి. పచ్చగడ్డి బుధుడి లెక్కలోకి వస్తుంది, ఏం పోదు.

సూర్యుడికి పొద్దున్నే దోసెడు నీళ్లు వదలడం. ఇది పెద్ద కష్టం కాదు గానీ మీరు ఎనిమిదికి లేస్తారు, అదీ ఇబ్బంది. రథసప్తమికి తల మీద, భుజాల మీద జిల్లేడాకులు పెట్టుకుని స్నానం చేస్తాం కదా, సూర్యుడి సమిధ, అంటే ఆయన హోమంలో వేసే పుల్ల, జిల్లేడే. ఆకు తుంపినప్పుడు కారే పాలు కంట్లో పడకుండా చూసుకోండి, కన్ను దెబ్బతింటుంది. చంద్రుడికి సోమవారం బియ్యమో పాలో ఇవ్వడం, అమ్మ మాట వినడం. రెండోది నేను కలిపింది కాదు, చంద్రుడు మాతృకారకుడు.

కుజదోషం గురించి ఆడపిల్లలిద్దరికీ చెప్పాలి. లగ్నం, అంటే పుట్టిన వేళకి తూర్పున ఉదయించే రాశి, దాని నుంచి 2, 4, 7, 8, 12 స్థానాల్లో కుజుడుంటే దోషం అంటారు. మళ్లీ వేళ్లు మడవండి, పన్నెండింటిలో ఐదు. చంద్రుడి నుంచీ శుక్రుడి నుంచీ కూడా లెక్కపెడితే తప్పించుకునేవాళ్లే తక్కువ. అందుకే శాస్త్రంలోనే మినహాయింపులు బోలెడున్నాయి. మేషంలో, వృశ్చికంలో స్వక్షేత్రంలో, అంటే సొంత ఇంట్లో ఉన్నా, మకరంలో ఉచ్చలో, అంటే బాగా బలంగా ఉండే చోట ఉన్నా దోషం లేదంటారు. మంగళవారం సుబ్రహ్మణ్యుడికి దణ్ణం పెట్టుకుని కందిపప్పు దానం చెయ్యండి. అరటిచెట్టుకి ముందు పెళ్లి చేద్దాం అని ఎవరైనా వస్తే మాత్రం నాకు ఫోన్ ఇవ్వండి, నేను మాట్లాడతాను.

రాహుకేతువులు అసలు గోళాలే కావు. చంద్రుడి దారీ సూర్యుడు నడిచినట్టు కనపడే దారీ ఒకదాన్నొకటి దాటే రెండు చోట్లు. గ్రహణాలు ఆ దగ్గర్లోనే పడతాయి, అందుకే మింగే పాములన్నారు. రాహువుకి గరిక, మినుములు. కేతువుకి దర్భ, ఉలవలు. గ్రహణం రోజున గుళ్లన్నీ మూసినా శ్రీకాళహస్తి తెరిచే ఉంటుంది. రాహుకేతు పూజ అక్కడిదే పేరు. ఎప్పుడైనా కలిసి వెళ్దాం, భయంతో కాదు.

ఇంతకీ పెద్దదానా, నువ్వు చెయ్యాల్సింది. ఇంటర్వ్యూలకి చదువు, నిద్ర పట్టకపోతే డాక్టరుకి చూపించుకో, రెండూ వాయిదా వెయ్యకు. శనివారం పొద్దున ఒక గ్లాసు నల్లనువ్వులు ఇసుక లేకుండా కడిగి ఆరబెట్టు. సన్నసెగ మీద వేయించు, చిటపటమనగానే దించెయ్, మాడితే చేదు. చల్లారాక ముప్పావు గ్లాసు బెల్లం తురుము వేసి మిక్సీలో ఆపి ఆపి తిప్పు. ఒకేసారి తిప్పావంటే నూనె వదిలి ముద్దైపోతుంది. పాకం అక్కర్లేదు, నెయ్యీ అక్కర్లేదు, నువ్వుల్లో నూనెకే ఉండ కడుతుంది. మీ హాస్టల్ వాచ్‌మన్‌కీ, గదులు ఊడ్చే ఆవిడకీ ముందు పెట్టు. నువ్వులు పడనివాళ్లుంటారు, అడిగి పెట్టు. ఉండలు చుట్టేటప్పుడు చేతులు జిడ్డుగా ఉంటాయి, ఆ కాసేపూ ఫోన్ ముట్టుకోకు.

మీ అమ్మమ్మ