పప్పు, పనీరు, బిర్యానీ: విశ్వవిద్యాలయ క్యాంటీన్‌లో కార్బన్ లెక్క

విజయవాడ, గుంటూరు నగరాల చుట్టూ విశ్వవిద్యాలయాలు, ఇంజినీరింగ్ కళాశాలలు, వాటి హాస్టళ్లు పెద్ద సంఖ్యలో ఉన్నాయి. మధ్యాహ్నం పూట వాటి క్యాంటీన్లలో వేలాది విద్యార్థులు భోజనం చేస్తారు. ధరల పట్టికలో ఒకవైపు వెజ్, మరొకవైపు నాన్‌వెజ్ అని రాసి ఉంటుంది కనుక, ఆహారం వల్ల వెలువడే కార్బన్‌ను తగ్గించాలనుకునే వారికి మొదట తట్టేది నాన్‌వెజ్ తగ్గించమని చెప్పడమే. మన ప్రాంతానికి ఆ విభజన సరైన కొలబద్ద కాదని, దానిని పట్టుకుని వెళ్తే శ్రమ ఎక్కువై ఫలితం తక్కువవుతుందని నా అభిప్రాయం.

జోసెఫ్ పూర్, థామస్ నెమెచెక్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు 119 దేశాల్లోని 38,000కు పైగా పొలాల సమాచారాన్ని సేకరించి, 2018లో సైన్స్ పత్రికలో ప్రచురించారు. మానవుల వల్ల వెలువడే హరితగృహ వాయువుల్లో సుమారు 26 శాతం ఆహార వ్యవస్థ నుంచే వస్తున్నదని వారు లెక్కకట్టారు. వారి ప్రపంచ సగటుల ప్రకారం ఒక కిలో గొర్రె మాంసం వెనుక దాదాపు 40 కిలోల కార్బన్ డయాక్సైడ్‌కు సమానమైన వాయువులు ఉంటాయి. కోడి మాంసానికి ఆ సంఖ్య సుమారు 10, గుడ్లకు 4.7, బియ్యానికి 4.5, పప్పుధాన్యాలకు 2 కన్నా తక్కువ. నెమరువేసే పశువుల మొదటి పొట్టలోని సూక్ష్మజీవులు మేతను పులియబెడుతూ మీథేన్‌ను పుట్టిస్తాయి. కోడికి అటువంటి పొట్ట లేదు. గొర్రెకూ కోడికీ మధ్య ఉన్న నాలుగు రెట్ల తేడాకు ప్రధాన కారణం అదే.

ఇప్పుడు పనీరు సంగతి చూద్దాం. ఒక కిలో పనీరుకు సుమారు 5 లీటర్ల పాలు కావాలి. లీటరు పాల వెనుక ప్రపంచ సగటున 3 కిలోలకు పైగా ఉద్గారం ఉంటుంది. పాడి దిగుబడి తక్కువగా ఉన్నచోట, అదే పశువు మేత, అదే మీథేన్ తక్కువ పాల మీద పడతాయి కాబట్టి, ఆ సంఖ్య ఇంకా పెరుగుతుంది. ఆ లెక్కన కిలో పనీరు వెనుక కనీసం 15 కిలోలు ఉంటాయి. అంటే 100 గ్రాముల పనీరు వేసిన బిర్యానీ, 150 గ్రాముల కోడి మాంసం వేసిన బిర్యానీ దాదాపు ఒకే మెట్టు మీద ఉన్నట్లు. చికెన్ బిర్యానీ మానిపించి విద్యార్థిని పనీర్ బిర్యానీ వైపు మళ్లించిన ప్రచారం వాతావరణానికి చేసిన మేలు చాలా స్వల్పం. దానికి బదులు 50 గ్రాముల కందిపప్పుతో చేసిన దోసకాయ పప్పు తింటే, పప్పు వాటాగా వచ్చే ఉద్గారం 100 గ్రాములకు మించదు, 11 గ్రాముల వరకు మాంసకృత్తులూ అందుతాయి. ఒక గుడ్డు వెనుక ఉన్నది పావు కిలో. వెజ్ పట్టికలో ఉన్న పనీరు కన్నా, నాన్‌వెజ్ పట్టికలో ఉన్న కోడిగుడ్డు కూర ఈ లెక్కలో ఎంతో మెరుగైనది.

మనం తరచుగా మరిచిపోయే వస్తువు అన్నం. నీరు నిలిచిన వరిమడిలో మట్టికి ప్రాణవాయువు అందదు, అక్కడి సూక్ష్మజీవులు సేంద్రియ పదార్థాన్ని కుళ్లబెడుతూ మీథేన్‌ను విడుదల చేస్తాయి. నూరేళ్ల కాలానికి లెక్కిస్తే మీథేన్ కార్బన్ డయాక్సైడ్ కన్నా సుమారు 27 రెట్లు ఎక్కువగా వేడిని పట్టి ఉంచుతుంది. ఒక భోజనానికి 150 గ్రాముల బియ్యం వండితే దాని వాటా 670 గ్రాముల పైచిలుకు ఉంటుంది. కాబట్టి పప్పన్నం ఉద్గారంలో అధిక భాగం పప్పుది కాదు, అన్నానిదే. నీటిని నిలువ ఉంచకుండా ఆరుతడి పద్ధతిలో వరి పండిస్తే మీథేన్ బాగా తగ్గుతుందని క్షేత్ర పరిశోధనలు చూపుతున్నాయి. అయితే అది రైతు చేతిలోనూ, కాలువ నీటి వంతుల చేతిలోనూ ఉన్న విషయం, క్యాంటీన్ నిర్వాహకుడి చేతిలో ఉన్నది వడ్డన మాత్రమే.

ఆ వరిమడిలోనే దీనికి మరో ముఖం కూడా ఉంది. కృష్ణా డెల్టాలో వరి కోతకు రెండు మూడు రోజుల ముందు, పైరు నిలిచి ఉండగానే మినుము గానీ పెసర గానీ వెదజల్లుతారు. వరి మాగాణి మినుము అని పిలిచే ఈ పంట నేలలో మిగిలిన తేమతో, మంచుతో పెరుగుతుంది. దాని వేరుబుడిపెల్లోని రైజోబియం బాక్టీరియా గాలిలోని నత్రజనిని పట్టి ఇస్తుంది కాబట్టి, యూరియా అవసరం చాలా తక్కువ. యూరియా తయారీకి సహజవాయువు ఖర్చవుతుంది, పొలంలో వేశాక దాని నుంచి నైట్రస్ ఆక్సైడ్ అనే హరితగృహ వాయువు వెలువడుతుంది. ఈ రెండూ ఇక్కడ తగ్గుతాయి. గుంటూరు పక్కనే ఉన్న లాం పరిశోధన కేంద్రం ఎల్‌బీజీ పేరుతో విడుదల చేసిన మినుము రకాలు ఈ సాగుకు ఎంతో అండగా నిలిచాయి. తక్కువ కార్బన్ ఆహారం అనగానే దూరదేశపు సోయా ఉత్పత్తులను వెతకనవసరం లేదు. పెసరట్టు, మినపట్టు, ముద్దపప్పు, ఉలవచారు మనకు తరతరాలుగా తెలిసిన వంటలే.

తెలిసిన వంటలైనా క్యాంటీన్‌లో విద్యార్థి వాటిని ఎంచుకుంటాడా అన్నది వేరే ప్రశ్న. దీని మీద ఇంగ్లండ్‌లోని కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయంలో ఎమ్మా గార్నెట్, ఆమె సహచరులు చేసిన పరిశోధన నాకు ఎంతో విలువైనదిగా కనిపిస్తుంది. 2017లో అమ్ముడైన 94,000కు పైగా భోజనాలను వారు పరిశీలించారు. వడ్డించే వంటకాల్లో శాకాహారం వాటాను నాలుగింట ఒకటి నుంచి రెండింట ఒకటికి పెంచినప్పుడు, శాకాహార భోజనాల అమ్మకం సుమారు 15 శాతం పాయింట్లు పెరిగింది. ఎవరికీ ఏమీ బోధించలేదు, ఏ వంటకాన్నీ నిషేధించలేదు. అంతకుముందు మాంసం ఎక్కువగా తిన్నవారిలోనే మార్పు అధికంగా కనిపించింది. 2020లో వెలువడిన మరో అధ్యయనంలో వారు వంటకాల వరుసను మార్చి చూశారు. శాకాహారాన్ని ముందు పెట్టి, మాంసాహారాన్ని మీటరున్నరకు మించిన దూరంలో ఉంచిన చోట శాకాహారం అమ్మకాలు పెరిగాయి. దూరం మీటరు కన్నా తక్కువ ఉన్న చోట ఆ ప్రభావం కనిపించలేదు.

ఈ ఫలితాలను మన దగ్గరికి యథాతథంగా తెచ్చుకోలేము. అక్కడ 2016లో విశ్వవిద్యాలయ క్యాంటీన్ల నుంచి ఆవు, గొర్రె మాంసాలను తొలగించడంతోనే, కొన్న ప్రతి కిలో ఆహారానికి ఉద్గారం 33 శాతం తగ్గింది. మన క్యాంటీన్లలో గొర్రె, మేక మాంసాలు ధర వల్లనే అరుదు కాబట్టి, ఆ ఒక్క దెబ్బతో అంత ఫలితం ఇక్కడ రాదు. తీసుకోవలసినది పద్ధతిని. పప్పుధాన్యాల వంటకం ఒక్కటే, అదీ నీళ్ల సాంబారుగా ఉన్నచోట రెండు మూడు మంచి వంటకాలు ఉండాలి. అవి వరుసలో మొదట కనిపించాలి. పేరు కూడా నోరూరించాలి. అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో 2017లో ప్రచురితమైన అధ్యయనంలో, కూరగాయల వంటకానికి రుచిని సూచించే పేరు పెట్టినప్పుడు, మామూలు పేరు పెట్టినప్పటికన్నా 25 శాతం ఎక్కువ మంది దానిని ఎంచుకున్నారు. ఆరోగ్యానికి మంచిదని రాసినప్పుడు అంత ఆకర్షణ లేదు. గోంగూర పప్పు, ఇంగువ పోపు పెట్టిన పప్పుచారు అని బోర్డు మీద రాయడానికి ఖర్చేమీ కాదు.

ఇక్కడ ఒక జాగ్రత్త అత్యవసరం. 2014 నాటి నమూనా నమోదు వ్యవస్థ (ఎస్‌ఆర్‌ఎస్) సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 98 శాతం మంది మాంసాహారులే. ఎవరేం తినాలన్న మాటకు మన సమాజంలో కులంతో ముడిపడిన బాధాకరమైన చరిత్ర ఉంది. కార్బన్ పేరుతో ఆ పాత అంటును తిరిగి తీసుకురావడం అన్యాయం, శాస్త్రరీత్యా కూడా తప్పు. హాస్టల్ విద్యార్థికి చవకగా దొరికే ఉత్తమమైన మాంసకృత్తులు గుడ్డులో ఉన్నాయి. గుడ్ల ఉత్పత్తిలో దేశంలో ముందున్న రాష్ట్రంలో దానిని పళ్లెం నుంచి తీయమనడం నాకు ఏమాత్రం సమ్మతం కాదు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన మార్గదర్శకాలు కూడా ధాన్యాల నుంచి వచ్చే శక్తిని 45 శాతానికి పరిమితం చేసి, పప్పులు, గుడ్లు, మాంసం వంటి వాటి వాటాను పెంచమనే చెబుతున్నాయి. అన్నం కొంచెం తగ్గి పప్పు పెరిగితే ఆరోగ్యానికీ వాతావరణానికీ ఒకేసారి మేలు జరుగుతుంది.

అందుకే వడ్డనలో పెద్ద గరిటెతో ఒక్కసారే అన్నం కుమ్మరించడం మాని, చిన్న గరిటెతో ఎన్నిసార్లు అడిగితే అన్నిసార్లు వడ్డించాలి. ఒక్కొక్కరు 100 గ్రాముల అన్నం పళ్లెంలో వదిలేస్తే, వెయ్యి మంది భోజనాల్లో వృథా అయ్యే బియ్యం వెనుక సుమారు 170 కిలోల ఉద్గారం ఉంటుంది. 19 కిలోల వాణిజ్య గ్యాస్ సిలిండర్లు మూడింటిని మండిస్తే వెలువడేదీ దాదాపు అంతే.

ఏ మార్పు పనిచేసిందో తెలుసుకోవడానికి ఖరీదైన పరికరాలు అవసరం లేదు. కేంబ్రిడ్జ్ పరిశోధనకు ఆధారం కూడా అమ్మకాల లెక్కలే. టోకెన్లు ఇచ్చే యంత్రంలో ఏ వంటకం ఎన్ని ప్లేట్లు పోయిందో నమోదవుతూనే ఉంటుంది. ఏమీ మార్చకుండా ఒక నెల లెక్క తీసి, రెండో పప్పు వంటకం చేర్చి మరో నెల లెక్క తీసి పోల్చవచ్చు. గణాంకశాస్త్ర విభాగపు విద్యార్థులకు ఇది మంచి ప్రాజెక్టు. పరీక్షల సెలవులు ఉన్న నెలలను మాత్రం పోలికలోకి తీసుకోకూడదు. కార్తీక మాసంలో చాలామంది మాంసం మానేస్తారు కాబట్టి, అప్పుడు తగ్గిన చికెన్ బిర్యానీ అమ్మకాలను మన ప్రయోగం ఫలితంగా లెక్కవేసుకోకూడదు.