సాగే పూసల బ్రేస్‌లెట్లు: కొనేముందు వదిలించుకోవాల్సిన అపోహలు

ఎలాస్టిక్ మీద పూసలు గుచ్చి అమ్మడం నా పని. చేతికి మూడు నాలుగు కలిపి వేసుకునే ఫ్యాషన్ వచ్చాక కొనేవాళ్లు పెరిగారు. తక్కువ ధర సరుకు గురించి రకరకాల నమ్మకాలూ పెరిగాయి. ఎక్కువగా వినిపించేవాటికి నాకు తెలిసిన జవాబులు రాస్తున్నాను.

అపోహ: సాగేదే కదా, ఫ్రీ సైజ్. ఎవరికైనా పడుతుంది.

ఎక్కువ డబ్బు వృథా అయ్యేది ఈ నమ్మకం వల్లే. ఎలాస్టిక్ సాగేది చెయ్యి దూరడానికి మాత్రమే. మణికట్టు మీదికి వచ్చాక అది సాగకుండా, ఊరికే పడి ఉండాలి. రోజంతా బిగుసుకుని ఉంటే దారం కొన్నాళ్లకే వదులై తెగిపోతుంది.

అందరూ మర్చిపోయే విషయం పూస లావు. దారం పూసల మధ్యలోంచి వెళ్తుంది, చర్మానికి తగిలేది మాత్రం పూస లోపలి అంచు. అందుకే పూస లావయ్యే కొద్దీ లోపలి చుట్టుకొలత తగ్గిపోతుంది. లెక్క తేలికే: మణికట్టు కొలతకు పూస వ్యాసాన్ని మూడుంపావు రెట్లు చేసి కలపండి, కాస్త సందు కూడా అందులోనే వచ్చేస్తుంది. మణికట్టు 16 సెంటీమీటర్లు అనుకుందాం. 4 మిల్లీమీటర్ల పూసలైతే వరుస పొడవు 17.3 సెంటీమీటర్లు ఉండాలి. 8 మిల్లీమీటర్లవైతే 18.6, అంటే 23 పూసలు. 12 మిల్లీమీటర్ల లావువైతే దాదాపు 20 కావాలి. షాపులో అన్నీ 18 సెంటీమీటర్లకే కట్టి ఫ్రీ సైజ్ అని అమ్మితే ఇదే చేతికి సన్నపూసలది వదులుగా తిరుగుతుంది, లావుపూసలది పట్టేస్తుంది. చేసినవాళ్లు లెక్క తప్పారు, మీ చెయ్యి లావు కాదు.

కలిపి వేసుకునేవాళ్లకు ఇంకో చిక్కు ఉంది. 8 మిల్లీమీటర్లవి ఐదు వేస్తే ముంజేతి మీద 4 సెంటీమీటర్ల మేర ఆక్రమిస్తాయి. చెయ్యి మోచేతి వైపు లావవుతూ పోతుంది కదా, ఐదూ ఒకే సైజువైతే పైది ఒత్తి గుర్తులు పడతాయి. పైన వేసుకునే రెండింటికి ఒక పూస ఎక్కువ వేయించుకోండి.

అపోహ: “నాది రెండు ఆరు సైజండీ, అదే ఇవ్వండి.”

అది గాజు సైజు. గాజు సాగదు కాబట్టి, అరచేతి లావు భాగం దాటడానికి ఎంత కావాలో అది చెబుతుంది. రెండు ఆరు గాజు లోపలి చుట్టుకొలత సుమారు 19 సెంటీమీటర్లు. అదే గాజు వేసుకునే ఇద్దరిలో ఒకరి మణికట్టు 14 ఉండొచ్చు, ఇంకొకరిది 17 ఉండొచ్చు. కుట్టు టేపు లేకపోతే ఒక కాగితం ముక్క మణికట్టుకు చుట్టి, అంచు కలిసిన చోట గీత గీసి, స్కేలుతో కొలవండి.

అపోహ: బరువుగా, చల్లగా ఉంటే అసలు రాయి.

ప్లాస్టిక్‌ని పట్టుకోవడానికి బరువు పనికొస్తుంది. గాజు (గ్లాస్) పూసల దగ్గర పనికిరాదు, ఎందుకంటే మామూలు గాజుకీ స్ఫటికానికీ సాంద్రత దాదాపు ఒకటే. చల్లదనం కూడా అంతే, తేడా చెయ్యి పట్టి చెప్పగలిగేది బాగా అలవాటైనవాళ్లే. వెలుతురుకి పట్టుకుని చూడండి. లోపల గుండ్రటి చిన్న బుడగలు కనిపిస్తే అది గాజు. ముఖాలు చెక్కి మిలమిలలాడుతూ “క్రిస్టల్” పేరుతో తక్కువ ధరకు వచ్చే పూసలు దాదాపు అన్నీ గాజే. అది తప్పేమీ కాదు, గాజు ధరకు గాజు కొంటున్నామని తెలిస్తే చాలు.

ఫిరోజా (టర్కాయిస్ అనే నీలి రాయి) రంగు విషయంలో మాత్రం గట్టిగా అడగండి. హౌలైట్ అని తెల్లటి రాయి ఉంటుంది, బూడిద రంగు గీతలతో. రంగు బాగా పీల్చుకుంటుంది. నీలం అద్దితే అచ్చం ఫిరోజాలా తయారవుతుంది. నెయిల్ పాలిష్ రిమూవర్‌లో ముంచిన దూదితో ఒక పూసని మూలన రుద్దితే చాలాసార్లు దూదికి నీలం అంటుకుంటుంది. (ఈ పరీక్ష ముత్యాల మీద, ప్లాస్టిక్ మీద చేయకండి, పాడవుతాయి.) నా దగ్గరా హౌలైట్ ఉంది, హౌలైట్ అనే చెప్పి అమ్ముతాను. రంగు బాగుంటుంది, ధర తక్కువ, చీరల మీదకి చక్కగా నప్పుతుంది.

అయస్కాంతానికి టక్కున అతుక్కునే నల్లటి “హెమటైట్” బ్రేస్‌లెట్లు ఫ్యాక్టరీలో చేసినవి. సహజమైన హెమటైట్ (ఒక ఇనుప ఖనిజం) అలా అతుక్కోదు. అవి కీళ్ల నొప్పులు తగ్గిస్తాయనడానికి రుజువు లేదు. ఇంట్లో పేస్‌మేకర్ ఉన్న పెద్దవాళ్లకు మాత్రం అయస్కాంతపు నగలు కొనివ్వకండి. ఇక పైరైట్. డబ్బు వస్తుందని ఇప్పుడు అందరూ అడుగుతున్నారు. అది ఇనుము, గంధకం కలిసిన ఖనిజం, తడి తగిలితే మెరుపు పోతుంది. స్నానానికి ముందు తీసేయండి, మిగతాది మీ నమ్మకం.

అపోహ: ధర తక్కువంటే తెగిపోతుంది, ధర ఎక్కువంటే మన్నుతుంది.

ధర పూసని బట్టి ఉంటుంది. మన్నిక దారం, ముడి, బెజ్జం మీద ఆధారపడుతుంది. ఖరీదైన రాళ్లని నాసి దారం మీద గుచ్చినవి బోలెడు వస్తాయి రిపేరుకి.

బ్రేస్‌లెట్ చేతిలోకి తీసుకుని ముందు సాగదీయకుండానే చూడండి. పూసల మధ్య దారం కనిపిస్తోందంటే గుచ్చేముందు ఎలాస్టిక్‌ని లాగి వదిలి సాగదీయలేదని అర్థం. కొత్త ఎలాస్టిక్ మొదటి కొన్ని వాడకాల్లో కాస్త సాగుతుంది, ఆ సాగుడేదో కట్టకముందే అయిపోవాలి. తర్వాత ఒక్కో పూసా జరుపుతూ ముడి వెతకండి. మంచి పనిలో ముడి ఒక పూస బెజ్జంలోకి దూరి ఉంటుంది. ముడి దగ్గర దారం గట్టిగా, పుల్లలా తగిలితే ఇన్‌స్టంట్ గమ్ వేశారన్నమాట. ఆ గమ్ ఆరాక పెళుసుగా మారుతుంది, దారం సరిగ్గా ముడి పక్కనే పుటుక్కుమంటుంది. కాస్త మెత్తగా ఆరే నగల గమ్ ఒక బొట్టు చాలు, అదీ రెండుసార్లు మెలేసిన ముడి మీద.

దారం రెండు రకాలుగా దొరుకుతుంది: గుండ్రంగా, నున్నగా, పారదర్శకంగా ఉండేది ఒకటి, సన్నటి పోగులు కలిసి చదునుగా ఉండేది ఇంకొకటి. గుండ్రటిది అందంగా ఉంటుంది కానీ ముడి జారుతుంది. చదునుది ముడి బాగా పట్టుకుంటుంది. బరువైన రాళ్లకి నేను చదునుదే వాడతాను. ముత్యాల బెజ్జం సన్నం కాబట్టి వాటికి సన్నటి దారం తప్పదు, కొంచెం జాగ్రత్తగా వాడుకోవాలి.

పూసల మధ్య వేసే బంగారు రంగు చక్రాల అంచు కూడా గోటితో తడిమి చూడండి. చౌక లోహపు చక్రాల బెజ్జం అంచు గరుకుగా ఉంటే దారాన్ని కోసేస్తుంది. చాలామంది “రాయి బరువుకి తెగింది” అనుకునేవి నిజానికి ఇలా తెగినవే.

వేసుకునేటప్పుడు రెండు వేళ్లతో వెడల్పుగా లాగకండి. వేళ్లన్నీ దగ్గరికి ముడిచి, బ్రేస్‌లెట్‌ని చేతి మీద దొర్లిస్తూ ఎక్కించండి. తీసేటప్పుడూ అంతే. కొక్కేనికి వేలాడదీస్తే బరువుకి సాగుతుంది, డబ్బాలో పడుకోబెట్టండి.

అపోహ: బంగారు గాజులతో కలిపి ఏది వేసుకున్నా ఫర్వాలేదు.

22 క్యారెట్ల బంగారం మెత్తన. స్ఫటికం, టైగర్ ఐ, అగేట్ లాంటి రాళ్లు దానికంటే చాలా గట్టివి. పక్కపక్కనే రాసుకుంటుంటే బంగారం మీద గీతలు పడతాయి. ముత్యాల పరిస్థితీ ఇదే. మధ్యలో ఒక చెక్కపూసల వరుసో, దారంతో అల్లినదో పెట్టండి. వన్‌గ్రామ్ గోల్డ్ పూత గాజులకి ఇంకా జాగ్రత్త కావాలి, పూత పలచనిది కాబట్టి రాపిడికి త్వరగా వెలిసిపోతుంది. హైదరాబాద్ లాడ్ బజార్ లక్క గాజులకైతే (2024లో జీఐ, అంటే భౌగోళిక గుర్తింపు వచ్చింది వీటికి) లావు రాళ్లు తగిలి అద్దాలు, రాళ్లు ఊడిపోతాయి. వాటి పక్కన గింజల్లాంటి సన్నపూసలే బాగుంటాయి, చూపు కూడా లక్క మీదే నిలుస్తుంది.

బేసి సంఖ్యలోనే వేసుకోవాలన్నది నియమమేమీ కాదు. నా ఇష్టం చెప్పమంటే, లావుది ఒకటి, మధ్యరకం ఒకటి, సన్నవి రెండు. నాలుగూ లావువైతే కంప్యూటర్ ముందు చెయ్యి బల్ల మీద ఆనదు. వాచీ ఉన్న చేతికి అసలు వద్దు.

అపోహ: తెగిపోతే దిష్టి లాగేసుకుందని అర్థం, ఆ పూసలు మళ్లీ వాడకూడదు.

దారం అరిగి తెగింది, అంతే. ఎలాస్టిక్ మార్చుకుంటూ ఉండాల్సిన వస్తువు. చెమట, ఎండ, శానిటైజర్, పెర్ఫ్యూమ్ అన్నీ దాన్ని తినేస్తాయి. రోజూ వేసుకునేదాన్ని తెగకముందే తిరగ్గుచ్చించుకుంటే పూసలు రోడ్డు మీద ఏరుకునే పని ఉండదు. హోల్‌సేల్‌లో పూసలు సుమారు 15 అంగుళాల లైన్లుగా వస్తాయి. 8 మిల్లీమీటర్లవైతే లైనుకి 46, 48 ఉంటాయి, దాంతో రెండు బ్రేస్‌లెట్లు అయ్యి, ఒక్కోసారి ఒకటి రెండు పూసలు మిగులుతాయి. అందుకే కొనేటప్పుడే రెండు పూసలు ఎక్స్‌ట్రా అడగండి, చాలామంది ఇస్తారు. తెగిన పూసల్ని ఒక చిన్న కవర్లో వేసి, తెగిన దారం ముక్క కూడా అందులోనే పెట్టి తీసుకురండి. ఎక్కడ తెగిందో చూస్తే ముడి దగ్గరో, చక్రం దగ్గరో తెలిసిపోతుంది. చక్రం దగ్గరైతే ముందు ఆ చక్రాలు తీయించి, తర్వాత గుచ్చమనండి.