ఏసీకి స్టార్లు తప్పనిసరి, భవనానికి మాత్రం ఇష్టాన్ని బట్టి

ఏసీ కొనేటప్పుడు ఎన్ని స్టార్లున్నాయో చూసి కొంటాం. గది ఏసీల మీద ఆ లేబుల్ 2010 జనవరి నుంచి తప్పనిసరి. అదే ఒక ఆఫీసు భవనంలో అంతస్తు అద్దెకు తీసుకుంటే, ఆ భవనం ఏడాదికి ఎంత కరెంటు తాగుతుందో చెప్పే కాగితం మాత్రం ఎవరూ చేతికివ్వరు. అడుగుకు అద్దె ఎంత, మెయింటెనెన్స్ ఎంత, పార్కింగ్ ఎన్ని కార్లకు అన్న దగ్గరే బేరం ముగుస్తుంది.

పార్లమెంటు 2001లో ఇంధన పొదుపు చట్టం చేసింది. దాని కింద 2002 మార్చి 1న, ఈ స్టార్ లేబుళ్లను చూసే కేంద్ర సంస్థ బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ ఏర్పడింది. అదే ఏడాది చివర్లో యూరోపియన్ యూనియన్ కూడా ఒక ఆదేశం తెచ్చింది: భవనం కట్టినా, అమ్మినా, అద్దెకిచ్చినా ఇంధన సర్టిఫికెట్ చూపాల్సిందే.

మన దగ్గర పని రెండు పాయలుగా చీలింది. 2007 మేలో వచ్చిన ఈసీబీసీ (ఎనర్జీ కన్సర్వేషన్ బిల్డింగ్ కోడ్, అంటే భవనాల ఇంధన పొదుపు కోడ్) కట్టబోయే పెద్ద వాణిజ్య భవనాల కోసం. గోడలు, పైకప్పు, అద్దాలు, లైట్లు, ఏసీ వ్యవస్థ ఎలా ఉండాలో అది చెబుతుంది. అమలు చేయాల్సింది రాష్ట్రాలు. 2009లో వచ్చిన స్టార్ రేటింగ్ నడుస్తున్న భవనాల కోసం. ఏడాది వాడకాన్ని భవన వైశాల్యంతో భాగిస్తే చదరపు మీటరుకు ఎన్ని యూనిట్లో తేలుతుంది. హైదరాబాద్ లాంటి మిశ్రమ వాతావరణంలో, సగానికి పైగా ఏసీ ఉన్న ఆఫీసుకు మొదటి పట్టిక ప్రకారం 90 యూనిట్ల లోపైతే ఐదు స్టార్లు, 165 నుంచి 190 మధ్యైతే ఒక్కటే. పదివేల చదరపు మీటర్ల భవనానికి 90కీ 190కీ మధ్య తేడా ఏడాదికి పది లక్షల యూనిట్లు! ఇంత చెప్పగల రేటింగునేమో యజమాని ఇష్టానికి వదిలేశారు.

హైదరాబాద్‌కు ఇది కొత్త విషయమేమీ కాదు. పరిశ్రమల సమాఖ్య సీఐఐకి చెందిన సొరాబ్జీ గోద్రెజ్ గ్రీన్ బిజినెస్ సెంటర్‌ను 2004 జులైలో రాష్ట్రపతి అబ్దుల్ కలాం ఇక్కడే ప్రారంభించారు. అమెరికాలో పుట్టిన హరిత భవనాల రేటింగ్ 'లీడ్'లో అత్యున్నత స్థాయైన ప్లాటినం గుర్తింపును ఆ దేశం బయట పొందిన మొదటి భవనం అదే. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2014 జనవరిలో, విభజనకు కొద్ది నెలల ముందు, కోడ్‌ను నోటిఫై చేసింది. తర్వాత తెలంగాణలో దాన్ని ఆన్‌లైన్ అనుమతులతో ముడిపెట్టే పనిలో హైదరాబాద్‌లోని శిక్షణ, పరిశోధన సంస్థ అడ్మినిస్ట్రేటివ్ స్టాఫ్ కాలేజీ తోడైంది.

2017లో కోడ్‌ను తిరగరాశారు. నిర్దేశిత పద్ధతిలో, అంటే కోడ్ చెప్పిన కొలతలను ఒక్కొక్కటిగా పాటిస్తూ వెళ్లేవారికి, గోడలో అద్దం వాటా 40 శాతం దాటకూడదు. మన ఎండల్లో నిలువెత్తు అద్దాల గోడలు కట్టి, లోపలికొచ్చిన వేడిని ఏసీలతో తోడిపోయడం చూస్తుంటే ఆ నిబంధన ఎంత అవసరమో అర్థమవుతుంది. 2022 సవరణ చట్టం 2023 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చి, పెద్ద నివాస భవనాలను కూడా కోడ్ పరిధిలోకి తెచ్చే వీలు కల్పించింది.

అయినా కోడ్ ప్రధానంగా చూసేది ప్లానునే. భవనం నిండి, లిఫ్టులు తిరిగి, రాత్రి షిఫ్టులు మొదలయ్యాక మీటరు ఎంత తిరుగుతోందో అది అడగదు. ఇంగ్లండ్, వేల్స్‌లలో 2018 ఏప్రిల్ నుంచి, కొన్ని మినహాయింపులు తప్ప, ఇంధన సర్టిఫికెట్‌లో (ఏ నుంచి జీ వరకు గ్రేడ్లలో) 'ఇ' (E) గ్రేడు కన్నా తక్కువున్న వాణిజ్య భవనాన్ని కొత్తగా అద్దెకివ్వకూడదు. 2023 ఏప్రిల్ నుంచి పాత లీజులకూ అదే నియమం. ఇక్కడ అద్దెదారు అడగాలనుకుంటే కావలసిన లెక్క ఇప్పటికే యజమాని దగ్గరుంది: పన్నెండు నెలల కరెంటు బిల్లులు, జనరేటర్ వాడకం, భవన వైశాల్యం.