“ఆ అమ్మాయి వచ్చాకే మావాడు మారిపోయాడు”: అపోహలు, వాస్తవాలు

కౌన్సెలింగ్‌కి వచ్చే పెద్దవాళ్ల దగ్గర నేను విని విని విసిగిపోయిన మాట ఇది. అమ్మాయి తరఫువాళ్లయితే అల్లుణ్ణి అంటారు, అంతే తేడా.

అపోహ: కొత్తగా వచ్చిన మనిషే పాతవాళ్లను దూరం చేస్తుంది.

వాస్తవం: చాలా ఇళ్లలో దూరం చేసేది మనిషి కాదు, మారిన దినచర్య. ఒకావిడ ఫోన్‌లో కాల్ లిస్టు తెరిచి నా ముందు పెట్టింది. పెళ్లికి ముందు రోజూ అరగంట, ఇప్పుడు రెండు మూడు నిమిషాలు. పక్కనే కోడలు తల దించుకుని కూర్చుంది. కొడుకుని అడిగితే, “ఆఫీసు నుంచి వస్తూ దారిలో అమ్మతో మాట్లాడేవాణ్ణి మేడమ్, ఇప్పుడు ఆ దారిలో మేమిద్దరం కలిసి వస్తున్నాం” అన్నాడు. ఆ అరగంట అలా పోయింది, ఎవరూ లాక్కోలేదు. పొద్దున్న టీ తాగే టైము అమ్మకని పెట్టుకున్నాడు, సరిపోయింది.

నవోమి గెర్‌స్టెల్, నటాలియా సార్కిసియన్ అనే సోషియాలజిస్టులు 2006లో రాసింది కూడా ఇదే: అమెరికాలో పెళ్లికానివాళ్లతో పోలిస్తే పెళ్లయినవాళ్లు తల్లిదండ్రులకూ తోబుట్టువులకూ ఫోన్ చేయడం, వెళ్లి కలవడం తక్కువ, ఆడవాళ్లూ మగవాళ్లూ ఇద్దరూ అంతే. మరి అక్కడి కోడళ్లందరూ కూడబలుక్కున్నారా?

నిందతో వచ్చే నష్టం వేరే ఉంది. ఫోన్ చేసిన ప్రతిసారీ “మీ ఆవిడ చేయనిచ్చిందా?” అని దెప్పితే వాడు ఆ రెండు నిమిషాలు కూడా మానేస్తాడు, అప్పుడు దూరం నిజంగానే వస్తుంది. బెంగ తప్పు కాదమ్మా, “నీతో మాట్లాడక వెలితిగా ఉందిరా” అనండి చాలు.

భాగస్వామి ఫోన్ లాక్కుని, మీవాళ్లను కలవనివ్వకపోతే మాత్రం అది దినచర్య కాదు, పెత్తనం. సర్దుకుపోకండి, ఎవరికైనా చెప్పండి.

మిగతావి: ఇద్దరికీ ఒకే స్నేహితులుండాలా? అక్కర్లేదు. మొగుడూ పెళ్లాం ఉంటే స్నేహితులెందుకంటారా, ఇద్దరూ గొడవపడిన రోజు తెలుస్తుంది.

నేనూ తక్కువ తినలేదు. నా స్నేహితురాలు పెళ్లయ్యాక పలకడం మానేసిందని, వాళ్లాయనే కారణమని మా ఇంట్లో ఎనిమిది నెలలు సణిగాను. ఒకరోజు పాత మెసేజ్‌లు చూస్తుంటే చివరిది ఆమెదే: “ఆదివారం రానా?” జవాబివ్వంది నేనే.