ట్రిపుల్ ఐటీ సీటులో ఆ 0.4 కథ

పదో తరగతి గ్రేడ్లు వచ్చిన రోజుల్లో జిల్లా పరిషత్ హైస్కూళ్లలో ఒక లెక్క బాగా వినిపించేది. "మనోడికి 9.7. పాయింట్ ఫోర్ కలిపితే 10.1." అంటే కాగితం మీద, ప్రైవేటు బడిలో పదికి పది తెచ్చుకున్న పిల్లాడి కంటే పైన ఉన్నట్టే. ట్రిపుల్ ఐటీ సీట్ల ఎంపికలో ప్రభుత్వ బడి పిల్లలకు అదనంగా కలిపిన ఆ 0.4 పేరు డిప్రివేషన్ స్కోరు.

పల్లె పిల్లల్లో చురుకైనవాళ్లను ఏరి చదివించాలన్న ఆలోచన కొత్తదేం కాదు. 1971లో పీవీ నరసింహారావు ముఖ్యమంత్రిగా ఉండగా నల్లగొండ జిల్లా సర్వేల్‌లో గురుకుల పాఠశాల మొదలైంది. 80ల మధ్యలో నవోదయలు వచ్చాయి. వాటిలో కనీసం 75 శాతం సీట్లు గ్రామీణ పిల్లలవే. అయితే నవోదయకు ఐదో తరగతిలోనే ఎంట్రన్స్ రాయాలి. ఇంటర్ తర్వాత ఎంసెట్. దాని చుట్టూ పెరిగిన కార్పొరేట్ కాలేజీల ఫీజులు కూలి చేసుకునే ఇంటికి అందేవి కావు.

2008లో వైఎస్ రాజశేఖరరెడ్డి ప్రభుత్వం చట్టం చేసి ఆర్జీయూకేటీని, అంటే జనం ట్రిపుల్ ఐటీ అని పిలుచుకునే విశ్వవిద్యాలయాన్ని నెలకొల్పింది. నూజివీడు, ఇడుపులపాయ, బాసరల్లో క్యాంపస్‌లు పెట్టింది. పదో తరగతి అవగానే చేరి, ఇంటర్‌కు సమానమైన పీయూసీ రెండేళ్లు, బీటెక్ నాలుగేళ్లు అక్కడే చదవొచ్చు. అసలు మార్పు ఎంపికలో ఉంది. ఎంట్రన్స్ లేదు, పదో తరగతి ఫలితమే ఆధారం. కోచింగ్ కొనలేని ఇంటికి ఇది చిన్న ఊరట కాదు.

గురుకులాలు కాని ప్రభుత్వ, జిల్లా పరిషత్, మున్సిపల్ బడుల పిల్లలకే 0.4 కలిపేవారు. ఏడాదిలో సగం రోజులు లెక్కల టీచరే లేని బడిలో తెచ్చుకున్న 9.7ని ఆ 0.4 కలిపే చూడాలి, నా మట్టుకు నాకు అది న్యాయమే. కానీ అదే ఊళ్లో అప్పు చేసి చిన్న కాన్వెంటుకు పంపిన రైతు బిడ్డకు ఆ పాయింట్లు లేవు. ఈ గొడవ ఇప్పటికీ తెగలేదు.

సమానంగా వచ్చినవాళ్ల మధ్య ముందు లెక్కల గ్రేడు, తర్వాత సైన్స్, ఇంగ్లిష్ ఇలా చూసుకుంటూ పోయేవారు. అక్కడా తేలకపోతే పుట్టిన తేదీ, పెద్దవాళ్లకే సీటు. బడిలో చేర్చేటప్పుడు పంతులుగారు ఉజ్జాయింపుగా రాసిన తేదీ ఇలా పనికొచ్చినవాళ్లూ ఉండే ఉంటారు!

కోవిడ్‌తో పది పరీక్షలు రద్దవడంతో ఈ పద్ధతి ఇరుకున పడింది. ఆంధ్రప్రదేశ్ 2020లో ప్రత్యేకంగా ఎంట్రన్స్ పెట్టింది. 2021లో తెలంగాణ బాసర సీట్లను పాలిటెక్నిక్ ఎంట్రన్స్ అయిన పాలిసెట్ ర్యాంకుతో నింపింది. తర్వాత రెండు చోట్లా మళ్లీ పదో తరగతి ఫలితానికే వచ్చారు.

సీటు వచ్చాక లోపల ఏముందన్నది వేరే కథ. 2022 జూన్‌లో బాసర విద్యార్థులు వానలో కూర్చుని వారం పాటు ఆందోళన చేశారు. రెగ్యులర్ వీసీ (వైస్ చాన్సలర్), చాలినంతమంది అధ్యాపకులు, తినగలిగే భోజనం వాళ్లు అడిగినవాటిలో ఉన్నాయి.