లైట్లు ఆర్పి వినాల్సిన సముద్రం

నెల్లూరు తీరం వెంబడి ఉన్న రొయ్యల హ్యాచరీల్లో నాప్లీని, అంటే గుడ్డులోంచి అప్పుడే బయటికొచ్చిన రొయ్య పిల్లలను, వేరు చేసే పద్ధతి ఒకసారి దగ్గరగా చూడాలి. తల్లి రొయ్య పెట్టిన గుడ్లు పగిలి పిల్లలు బయటికొచ్చాక ట్యాంకులో గాలి ఆపేస్తారు. పైన నల్లషీటు కప్పి, ఒక మూల మాత్రం తెరిచి అక్కడ బల్బు వేలాడదీస్తారు. కాసేపటికి ఆ వెలుతురు పడ్డచోట నీటి రంగు మారిపోతుంది. అర మిల్లీమీటరు పొడవు కూడా సరిగ్గా ఉండని నాప్లీ లక్షల్లో అక్కడికి చేరుకుంటాయి. చురుగ్గా ఉన్నవి పైకొస్తాయి, నీరసంగా ఉన్నవి అడుగున ఉండిపోతాయి. పైకొచ్చినవాటినే తోడుకుని పెంచుతారు.

ఉత్తర ధ్రువం వైపు వెళితే ఇదే లైటు పూర్తిగా ఎదురు పని చేస్తుంది. ఆర్కిటిక్ శీతాకాలపు చీకట్లో, పరిశోధన నౌక డెక్కు మీద మామూలుగా పని చేసుకోవడానికి వేసే లైట్లు చాలు, 200 మీటర్ల లోతు దాకా చేపలూ, నీటిలో తేలియాడే చిన్న జీవులైన జంతు ప్లవకాలూ తమ నడవడిక మార్చేసుకుంటాయని 2020లో వచ్చిన ఒక అధ్యయనం తేల్చింది. అంటే, లెక్కపెట్టడానికి వెళ్లిన నౌకే లెక్కను చెడగొడుతోంది. ధ్రువ సముద్రాల్లోకి ఇప్పుడు రోబోలను పంపడానికి చాలా కారణాలు చెబుతారు. ఖర్చు తక్కువ, ప్రమాదం తక్కువ, ఎక్కువ రోజులు తిరుగుతాయి. అవన్నీ నిజమే. నా మటుకు నాకు అన్నిటికంటే బలమైన కారణం మాత్రం ఇదే: అవి చీకట్లో, చప్పుడు చేయకుండా వెళ్లగలవు.

ప్లాంక్టన్ (ప్లవకాలు) అంటే ఏమిటో మన రొయ్యల రైతులకు కొత్తగా చెప్పక్కర్లేదు. చెరువుకు కలర్ రావడం అంటే నీళ్లలో వృక్ష ప్లవకాలు పెరగడమే. సముద్రంలోనూ అంతే. ఆ సూక్ష్మమైన మొక్కలను తినేవి జంతు ప్లవకాలు. ఆర్కిటిక్‌లో వీటిలో ముఖ్యమైనవి కాలానస్ జాతికి చెందిన కోపిపాడ్లు. పొడవు 3 నుంచి 7 మిల్లీమీటర్లు. వేసవిలో దొరికిన కొద్ది వారాల్లోనే కడుపునిండా తిని, ఒంట్లో సంచిలా నూనె దాచుకుని, చలికాలానికి లోతుల్లోకి దిగి నిద్రాణంగా ఉండిపోతాయి. ఆ నూనె మీదే చిన్న చేపలు, సముద్ర పక్షులు, కొన్ని తిమింగలాలు ఆధారపడి బతుకుతాయి. అంటార్కిటిక్‌లో ఆ స్థానం క్రిల్‌ది. చూడ్డానికి రొయ్యలాగే ఉంటుంది, 6 సెంటీమీటర్ల దాకా పెరుగుతుంది. పెంగ్విన్లూ సీల్‌లూ భారీ తిమింగలాలూ దాన్నే తింటాయి. మన చెరువుల్లో వేసే కొన్ని మేతల్లో కలిపే క్రిల్ పొడి కూడా అక్కడి నుంచి వచ్చేదే.

వీటిని ఉపగ్రహం నుంచి చూడొచ్చు కదా అనిపిస్తుంది. హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ సంస్థ మన మత్స్యకారులకు చేపలు దొరికే చోట్ల గురించి పంపే సూచనలు ఉపగ్రహ సమాచారం మీదే తయారవుతాయి. కానీ ఉపగ్రహానికి కనిపించేది పై నీటిలోని పచ్చదనం, పై నీటి వేడి. ఆ పచ్చదనాన్ని తినే జీవులు కింద ఏ లోతులో ఉన్నాయో దానికి తెలియదు. పైగా నీటి రంగు చూడాలంటే ఎండ ఉండాలి. నెలల తరబడి సూర్యుడే రాని చోట, మంచు మూత పడిన చోట దాని కన్ను పనిచేయదు. నీళ్లలో వెలుతురు త్వరగా చచ్చిపోతుంది, రేడియో తరంగాలు అంతకంటే ముందే ఆగిపోతాయి. దూరం పోయేది శబ్దం ఒక్కటే. చల్లటి ధ్రువ జలాల్లో అది సెకనుకు దాదాపు 1,450 మీటర్లు ప్రయాణిస్తుంది.

జువ్వలదిన్నె వైపు గానీ కృష్ణపట్నం వైపు గానీ మరబోటు ఎక్కితే సరంగు ముందు చిన్న స్క్రీన్ ఉంటుంది. అది ఎకో సౌండర్‌ది: కిందికి శబ్దం పంపి, తిరిగొచ్చిన ప్రతిధ్వనిని బొమ్మగా చూపిస్తుంది. కింద లావుగా ఎర్రటి గీత, అది సముద్రపు అడుగు. మధ్యలో ముద్దగా కనిపిస్తే చేపల గుంపు. ఈ రెండూ కాకుండా తెర నిండా పొగమంచులాంటి మసక ఒకటి పరుచుకుంటుంది. అది చూపుకు అడ్డం కాబట్టి గెయిన్ (ప్రతిధ్వనిని పెంచి చూపే మోతాదు) తగ్గించి దాన్ని చెరిపేస్తారు. ఆ మసకలో చాలా భాగం ప్లవకాలు కావొచ్చు. వేటకు పనికిరాదని మనం చెరిపేసే ఆ మసకనే ప్లవకాల శాస్త్రవేత్తలు ఏళ్ల తరబడి చదువుతారు.

ఇందులో అసలు కిటుకు శబ్దపు స్థాయిలో, అంటే ఫ్రీక్వెన్సీలో ఉంది. 38 కిలోహెర్ట్జ్ శబ్దానికి తరంగ దైర్ఘ్యం దాదాపు 4 సెంటీమీటర్లు. 120 కిలోహెర్ట్జ్‌కి ఒక సెంటీమీటరు చిల్లర. తరంగం కంటే బాగా చిన్నదైన జీవి నుంచి ప్రతిధ్వని సరిగా రాదు. అనేక చేపల కడుపులో గాలితిత్తి ఉంటుంది కాబట్టి అవి 38 దగ్గరే గట్టిగా పలుకుతాయి. క్రిల్‌కి గాలితిత్తి లేదు, ఒళ్లు ఇంచుమించు నీళ్లంత సాంద్రతతోనే ఉంటుంది. అది 38 దగ్గర నీరసంగా, 120 దగ్గర కాస్త గట్టిగా వినిపిస్తుంది. ఒకే గుంపు మీదికి రెండు స్థాయుల శబ్దమూ పంపి, తేడా చూస్తే అది చేపో క్రిలో చెప్పేయొచ్చు. కోపిపాడ్ల కోసం ఇంకా పైకి, 300 దాటి వెళ్లాలి.

ఇక్కడే చిక్కు. స్థాయి పెరిగేకొద్దీ శబ్దాన్ని నీరు త్వరగా మింగేస్తుంది. 38 అయితే కిలోమీటరు లోతు దాకా పోయి తిరిగొస్తుంది. 333 కిలోహెర్ట్జ్ శబ్దం సుమారు 100 మీటర్లు పోయేసరికి పనికిరాకుండా అయిపోతుంది. నౌక అడుగున బిగించిన యంత్రంతో 500 మీటర్ల లోతులో నిద్రపోయే కాలానస్‌ను వినలేం. యంత్రాన్నే ఆ లోతుకు మోసుకెళ్లాలి. మోసుకెళ్లేది రోబో.

నాకు బాగా ఇష్టమైన ప్రయోగం 2001లో అంటార్కిటికాలోని వెడెల్ సముద్రంలో జరిగింది. ఆటోసబ్-2 అనే బ్రిటిష్ రోబో, 7 మీటర్ల పొడవు, టార్చిలైట్లలో వేసే రకం బ్యాటరీలు వేలకొద్దీ పేర్చుకుని నడిచేది. దాన్ని ఎకో సౌండర్‌తో సహా సముద్రపు మంచు కిందికి పంపారు. అక్కడ జీపీఎస్ ఉండదు, ఎవరూ తోలరు. ఎంత వేగంతో ఏ దిక్కుకు పోయానో తనే లెక్క కట్టుకుంటూ వెళ్లి తిరిగి బయటపడాలి. అది తెచ్చిన ప్రతిధ్వనులను చూస్తే, మంచు అంచు నుంచి లోపలికి 1 నుంచి 13 కిలోమీటర్ల మధ్య ఒక పట్టీలా క్రిల్ పోగుపడి ఉంది. బయటి నీళ్లలో కంటే అయిదు రెట్లు ఎక్కువ. మంచు కిందికి చూపు చేరనంత కాలం ఆ పట్టీ ఏ లెక్కలోకీ రాలేదు. అదే రోబో 2005లో ఫింబుల్ మంచు ఫలకం కిందికి వెళ్లి మళ్లీ రాలేదు. దాని గురించి చదివిన ప్రతిసారీ నాకు మనసులో కలుక్కుమంటుంది.

చీకటి సంగతికి వద్దాం. ఆర్కిటిక్‌లో నార్వేకి చెందిన స్వాల్‌బార్డ్ దీవుల్లో 79 డిగ్రీల ఉత్తర అక్షాంశం దగ్గర కోంగ్స్‌ఫ్యోర్డ్ అనే సముద్రపు పాయ ఉంది. ఒడ్డున ఉన్న నీ-ఓలెసుండ్‌లోనే 2008 నుంచి మన దేశపు హిమాద్రి కేంద్రం పనిచేస్తోంది. అక్టోబరు చివరి నుంచి ఫిబ్రవరి మధ్య దాకా అక్కడ సూర్యోదయం ఉండదు. సముద్రాలన్నిట్లో జంతు ప్లవకాలు రాత్రి పైకొచ్చి మేసి, తెల్లారేసరికి లోతుకు దిగిపోతాయి. పగలు పైన ఉంటే చేపల కంట పడతాయి మరి. 1942లో అమెరికా తీరంలో సోనార్ (శబ్దంతో నీటిలోని వస్తువులను పసిగట్టే పరికరం) పరీక్షిస్తున్నవారికి నీటి మధ్యలో సముద్రపు అడుగు లాంటి పొర కనిపించింది. 1945లో సముద్ర జీవశాస్త్రవేత్త మార్టిన్ జాన్సన్ అది పొద్దునా సాయంత్రం కిందికీ పైకీ కదులుతోందని చూపించి, ఆ అడుగు ప్రాణం ఉన్నదేనని తేల్చారు. అయితే పగలే లేని ధ్రువ శీతాకాలంలో ఈ రాకపోకలు ఆగిపోతాయని చాలాకాలం అనుకున్నారు. నీటిలో లంగరేసి వదిలిన శబ్ద పరికరాలు చెప్పింది వేరు. చీకట్లోనూ అవి దిగుతున్నాయి, ఎక్కుతున్నాయి. నడి శీతాకాలంలో చంద్రుడి లెక్క ప్రకారం 24.8 గంటలకోసారి కదులుతున్నాయి. పౌర్ణమికి పై నీటిలోనివి 50 మీటర్ల లోతుకు జారిపోతున్నాయి. మనిషి కంటికి కటిక చీకటి అనిపించేచోట ఒక చిన్న ప్రాణి వెన్నెలకు భయపడి దాక్కోవడం నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

2016 జనవరిలో అక్కడే ఎకో సౌండర్, వెలుతురు కొలిచే పరికరం పెట్టిన మనిషి లేని కయాక్ అనే చిన్న పడవను నౌకకు దూరంగా పంపారు. నౌక లైట్లకు దూరంగా వెళ్లాక పై నీటిలోని చిన్న చిన్న రాకపోకలు బయటపడ్డాయి. లైట్లు వేస్తే 100 మీటర్ల లోతు దాకా ప్లవకాలు పక్కకు తప్పుకున్నాయి.

మనవాళ్లూ ఈ పనికి దూరంగా లేరు. 2014 జులైలో అదే కోంగ్స్‌ఫ్యోర్డ్‌లో 192 మీటర్ల లోతున ఇండార్క్ అనే పరికరాల వరుసను దించారు. నీటి వేడి, ఉప్పదనం లాంటివి అది ఏడాది పొడవునా నమోదు చేస్తుంది. దాన్ని తయారు చేసినవారిలో చెన్నైలోని జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ ఒకటి. ఆ సంస్థ ప్రూవ్ అనే రోబోను 2015లో అంటార్కిటికాకు తీసుకెళ్లి నీళ్లలోకి దించింది. ఇదే సంస్థకు పాత నెల్లూరు జిల్లా తీరంలో పామంజి దగ్గర పరిశోధన కేంద్రం ఉంది. కావలి, ఒంగోలు కాలేజీల్లో జువాలజీ చదివే పిల్లలు ఈ రంగం వైపు చూడాలని నాకు గట్టిగా ఉంది. ప్రతిధ్వని పటాలు చదవడానికి ఫిజిక్స్‌తో పాటు ఆ జీవి ఎలా బతుకుతుందో తెలిసినవాళ్లు కావాలి.

శబ్దం అన్నీ చెప్పదు. ఏ జాతి, ఆడదా మగదా, ఒంట్లో నూనె ఎంత అన్నది వల వేసి పట్టి, సూక్ష్మదర్శిని కింద పెట్టి చూడాల్సిందే. రోబో చెప్పిన చోట వల వేస్తే ఆ వల వృథా పోదు.

ఇదంతా వేటతో ముడిపడిన లెక్క కూడా. అట్లాంటిక్ వైపు అంటార్కిటిక్ జలాల్లో క్రిల్ ఎంత ఉందో నౌకల ఎకో సౌండర్లతో 2000లో కొలిస్తే సుమారు 6 కోట్ల టన్నులు అని వచ్చింది. 2019లో మళ్లీ కొలిస్తే ఇంచుమించు అంతే. అక్కడ ఏడాదికి 6,20,000 టన్నులు దాటి పట్టకూడదన్న అంతర్జాతీయ పరిమితి ఉంది. ఆ రెండు పెద్ద లెక్కలకూ మధ్య 19 ఏళ్లు గడిచాయి. అన్ని నౌకలను కూడగట్టడం అంత కష్టం, అంత ఖర్చు. ఇప్పుడు ప్రొపెల్లర్ లేకుండా, ఒంట్లోని నూనెను అటూ ఇటూ పంపు చేసుకుని మునుగుతూ తేలుతూ రోజుకు పాతిక కిలోమీటర్లు పోయే గ్లైడర్లను ఎకో సౌండర్లతో అక్కడికి పంపుతున్నారు. వాటికి లైట్లు అక్కర్లేదు, ఇంజను మోత లేదు. పైకి తేలినప్పుడల్లా ఉపగ్రహం ద్వారా కబురు పంపి మళ్లీ మునుగుతాయి. ప్రతి వేసవిలోనూ వెళ్లగలవు.